మంచె మీద దర్జీ మామ

ఏడో తరగతిలో నేను ఒకే బల్ల మీద మూడేళ్లు కూర్చున్నాను. మొదటి ఏడు మాస్టారు కొట్టారు. రెండో ఏడు జాలిపడ్డారు. మూడో ఏడు బల్లనీ నన్నూ వేరువేరుగా చూడడం మానేశారు. తనిఖీకి వచ్చినాయన గదిలో సామాను ఎంతుందని అడిగితే నన్ను కూడా కలిపి చెప్పారని నా తోటివాళ్లు ఇప్పటికీ టీకొట్టు దగ్గర చెప్పుకుంటారు. అది అబద్ధం. తనిఖీ రోజున నేను బడికే వెళ్లలేదు. సామాను ఒకటి తగ్గిందని గొడవైంది, అంతే.

ఆ తర్వాత బల్లే నన్ను వదిలేసిందో నేనే బల్లని వదిలేశానో గాని, పురుగుమందు కొట్టే మిషన్లు బాగుచేసే పని నేర్చుకుని ఊళ్లో కొట్టు పెట్టాను. ఒకే చోట ఎక్కువ రోజులు కూర్చున్న మనిషి ఎవరి కంటికీ ఆనడన్న సంగతి మాత్రం పెళ్లయి, తల నెరిశాక తెలిసింది. చెప్పింది మా ఊరి దర్జీ. మొన్న ఎండాకాలంలో పోయాడు.

పేరు రాయను. రాస్తే, పోయిన సంగతి తెలియనివాళ్లు ఇంకా జాకెట్టు కోసం వెతుక్కుంటూ వస్తారు. ఆయన సాయిబు. మా నాన్నని బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ అయ్యాడు. నేను అల్లుడినయ్యాను. మా ఊరు వినుకొండ పక్కనే, కొండ నీడ పడే ఊరు. సెంటర్లో నా కొట్టూ ఆయన కొట్టూ ఎదురూ బొదురూ. నా కొట్లో పురుగుమందు వాసన, ఆయన కొట్లో కొత్తగుడ్డ వాసన. మా ఆవిడ ఆయన కొట్టు వైపు నిలబడే నాతో మాట్లాడేది.

మామని తల్చుకుంటే ముందు కనపడేవి గుండుసూదులు. పొద్దున షట్టర్ ఎత్తగానే గుప్పెడు సూదులు పెదాల మధ్య పెట్టుకునేవాడు. మళ్లీ భోజనానికే తీసేవాడు. జనం అది పని మీద శ్రద్ధ అనుకునేవారు. కాదు. నోట్లో సూదులున్న మనిషిని ఎవరూ జవాబు చెప్పమని నిలదీయలేరు. "నా జాకెట్టు ఎప్పుడిస్తావు" అని ఎవరైనా అడిగితే కనుబొమ్మలు పైకెత్తి, తల ఒకవైపు వాల్చి, చెయ్యి గాల్లో ఒక మెలిక తిప్పేవాడు. దాని అర్థం ఎల్లుండి అని ఊరందరికీ తెలుసు. ఆయన ఎల్లుండి అంటే పంచాంగంలో ఎక్కడుంటుందో మాత్రం ఎవరికీ తెలియదు.

పని రాక కాదు. ఆయన చేతి కుట్టు అంటే వినుకొండ నుంచి కూడా వచ్చేవారు. ఒంటికి అతికినట్టు ఉండేది. ఆయన కుట్టిన జాకెట్టు వేసుకుంటే నడుం నొప్పి కూడా తగ్గినట్టుంటుందని మా అమ్మ అనేది. ఎవరు గుడ్డ తెచ్చినా కాదనలేకపోవడమే ఆయన జబ్బు. రెండు చేతులు కుట్టగలిగిన దానికి నాలుగింతలు ఒప్పుకునేవాడు. ఒప్పుకున్నాక ఇక దాక్కోవడమే పని.

దాక్కోవడంలో ఆయన్ని మించినవాడు మా తాలూకాలో లేడు. కొట్లో మిషను వెనక ఒక తెర, తెర వెనక ఒక తలుపు, తలుపు వెనక సందు. సైకిలు ఎప్పుడూ తన కొట్టు ముందు పెట్టేవాడు కాదు, మందుల షాపు ముందు పెట్టేవాడు. వచ్చినవాళ్లు సైకిలు చూసి, పాపం ఒంట్లో బాగోలేదేమో అని కోపం తగ్గించుకుని పోయేవారు. ఒకసారి ఒకావిడ నిజంగానే జాలిపడి ఇంటికి పళ్లు పంపించింది. మామ వాటిని తిని, ఆ వారమే ఆమె జాకెట్టు కుట్టేశాడు. "పళ్లు తిన్నాక దాక్కుంటే బాగోదు" అన్నాడు.

ఇంకో అలవాటు, భోజనాల వేళ నా కొట్టుకొచ్చి మాట్లాడుతూ మాట్లాడుతూ మెడలో టేపు తీసి దొరికినదాన్నల్లా కొలవడం. నా బల్ల కొలిచేవాడు, టీ గ్లాసు కొలిచేవాడు, నేను బాగుచేస్తున్న మిషను గొట్టం కొలిచేవాడు. కొలిచి ఏం చేసేవాడో తెలియదు. ఒకసారి నేను కునికిపాట్లు పడుతుంటే నా నోరు ఎంత తెరుచుకుందో కొలిచి, లేచాక చెప్పాడు.

ఇక నా చేను సంగతి.

కొండ మొదట్లో కాస్త ఎర్రనేల కౌలుకి తీసుకుని పత్తి పెట్టాను. మా ఆవిడకి ఇష్టం లేదు. వాళ్లన్నయ్య గుంటూరులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. నన్ను అక్కడికి వచ్చెయ్యమని, బస్తాల దగ్గర నిలబడే పని ఇప్పిస్తానని ఎప్పట్నుంచో అంటున్నాడు. బావమరిది కింద పనిచేయడం కంటే ఏడో తరగతిలో ఇంకో మూడేళ్లు కూర్చోవడం నయం. అందుకని నేను, ఈ ఒక్క పంట చూడు, పండకపోతే మూటాముల్లె సర్దుకుని గుంటూరు పోదాం అని మాటిచ్చాను. ఇచ్చేటప్పుడు జింకల సంగతి నాకు తెలియదు.

పత్తి గింజ మొలిచి రెండాకులు వేసిందో లేదో, పొద్దు పొడిచే వేళకి కొండ మీంచి జింకలు దిగేవి. ఎంత శుభ్రంగా తినేవంటే, మొదటిసారి చూసి నా విత్తనాలే మొలవలేదనుకుని విత్తనాల కొట్టాయనతో పోట్లాడి వచ్చాను. తర్వాత గిట్టల గుర్తులు కనపడ్డాయి. కొట్టాయన్ని మళ్లీ పలకరించలేక, ఆ పక్కకి పోవాల్సి వస్తే ఊరంతా చుట్టి పోయేవాణ్ణి.

మళ్లీ విత్తాను. ఈసారీ తింటే ఇంకోసారి విత్తడానికి అదును ఉండదు. జింక మీద చెయ్యి వేస్తే జైలు. కంచె వేయాలంటే చేను కన్నా కంచెకే ఎక్కువవుతుంది. అందుకని చేను మధ్యలో నాలుగు గుంజలు పాతి, తడికె కట్టి, పైన తాటాకులు కప్పి మంచె వేశాను. చీకటి విడవకముందే ఎక్కి కూర్చునేవాణ్ణి. జింకలు దిగగానే రేకుడబ్బా కొట్టి అరిచేవాణ్ణి. మొదట్లో బ్రహ్మాండంగా పారిపోయాయి. నేను ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గర వేటగాడిలా కూర్చుని కాఫీ అడిగాను.

వారం తిరక్కుండానే అవి రావడం మానేశాయి. అంటే నేనున్నంతసేపూ మానేశాయి. పొద్దెక్కి నేను మంచె దిగి, గట్టు దాటి, రోడ్డు మీద టీ తాగి వచ్చేసరికి ఒక సాలు ఖాళీ. మర్నాడు ఇంకాస్త ఎక్కువసేపు కూర్చున్నాను. అవీ కొండ మీద ఇంకాస్త ఎక్కువసేపు ఆగాయి. నా టీ వేళ వాటికి నాకన్నా బాగా తెలుసు.

పాత చీరలు చుట్టూ కడితే బెదురుతాయని ఎవరో చెబితే, గుడ్డపేలికలు అడుగుదామని మామ కొట్టుకెళ్లాను. పేలికలైతే గోతాం నిండా ఇచ్చాడు. నా గోడంతా వింటూ మిషను తొక్కుతున్నాడు. చివర్లో, మంచె రోజూ ఎక్కుతున్నావా అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు.

"రోజూ మామా. ఒక్క పూట తప్పలా," అన్నాను. గర్వంగానే అన్నాను.

మామ మిషను ఆపాడు. నోట్లో సూదులు ఒక్కొక్కటే తీసి చొక్కా జేబుకి గుచ్చుకున్నాడు. భోజనాల వేళ కాదు. అప్పుడే అనుకున్నాను, ఇదేదో పెద్ద విషయమని.

"పోస్టాఫీసు పక్కింటి టీచరమ్మ లేదూ? ఆమె జాకెట్టు పోయినేడు నుంచీ నా కాడే ఉంది. రోజూ బడి వదలగానే వస్తది. నేను రోజూ ఆ టైముకి ఉండను. ఇంక ఎట్టా దొరుకుతా ఆమెకి? అదే మిల్లు ఓనరు భార్య ఉంది చూడు. ఒకసారొచ్చి అరిచి పోద్ది. మళ్లీ అయిపూ జాడా ఉండదు. నేను మర్చేపోతా. ఒకరోజు పొద్దున్నే షట్టర్ ఎత్తి ఎనక్కి తిరిగేసరికి ఎనకమాలే నిలబడుంటది. ఆమెది ఒక్క జాకెట్టన్నా నా కాడ ఆగిందా?"

"అయితే?"

"నీ జింకలకి నువ్వు టీచరమ్మవి అల్లుడూ."

మరి మంచె ఎన్ని రోజులకోసారి ఎక్కమంటావని అడిగాను.

"అది నీకే తెలియకూడదు. నీకు తెలిస్తే వాటికీ తెలుస్తది. ఎక్కిన మర్నాడు మాత్రం ఎక్కమాక. ఎక్కినా పోయినసారి పోయిన దోవన పోమాక."

ఇంత తెలిసినవాడివి, ఎప్పుడన్నా వేటకి పోయావా మామా అన్నాను. నన్నేదో తప్పుమాట అన్నట్టు చూశాడు.

"నేనా? నేను పుట్టిన కాణ్ణుంచీ జింకనే," అని సూదులు మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు.

మంచెని పండబెట్టాలి అనేవాడు ఆ తర్వాత. చేనుని ఒక ఏడు బీడు పెట్టినట్టు, మంచెని కూడా ఊరికే వదిలెయ్యాలట. మనిషి వాసన పోవాలట. చేలో మనం ఉన్నట్టు జింకకి తెలియకూడదు, లేనట్టు కూడా నమ్మకం కలగకూడదు. ఆ రెండోదాని కోసం ఒక దిష్టిబొమ్మకి చొక్కా కుట్టి ఇస్తానన్నాడు. మర్నాడే కుట్టి తెచ్చాడు. ఆయన జీవితంలో చెప్పిన రోజుకి ఇచ్చిన చొక్కా అదొక్కటే. కాలరు, జేబు, మడత చేతులు, అన్నీ ఉన్నాయి. దిష్టిబొమ్మకి జేబెందుకు మామా అంటే, జేబు లేకపోతే చొక్కాలా ఉండదన్నాడు. గుడ్డ ఎక్కడో చూసినట్టుందే అనుకుని తిప్పి చూశాను. అది నేను ఉగాదికి కుట్టమని ఇచ్చిన గుడ్డ.

"నీ కొలతలే అల్లుడూ. బొమ్మకి తొందర కదా," అన్నాడు.

మరి నా చొక్కా అన్నాను. చెయ్యి గాల్లో మెలిక తిప్పాడు.

ఎక్కకుండా ఉండడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. రోజూ వెళ్లడం తేలిక, కాళ్లు వాటంతటవే పోతాయి. వెళ్లని రోజున తెల్లారకముందే మెలకువ వచ్చి, మంచం మీద పడుకుని, చేలో మొలకలు ఒక్కొక్కటీ జింకల నోట్లోకి పోతున్నట్టు ఊహించుకుంటూ ఉండేవాణ్ణి. మా ఆవిడ లేచి నన్ను చూసి, పడుకోవడాన్ని కూడా కాపలా అంటున్న మగాణ్ణి తను తప్ప ఎవరూ కట్టుకోలేదని పక్కింటామెకి వినపడేట్టు అంది. అప్పుడు ఆమెకి మామ చెప్పినదంతా వివరంగా చెప్పాల్సి వచ్చింది. టీచరమ్మ, మిల్లు ఓనరు భార్య, మంచెని పండబెట్టడం, దోవ మార్చడం, అన్నీ. ఎప్పుడూ నా మాట మధ్యలోనే తుంచేసే మనిషి ఆ రోజు చివరిదాకా విన్నది. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

ఎందుకంటే మా ఆవిడ జాకెట్టు కూడా మామ దగ్గరే ఉంది. శ్రావణంలో గుంటూరులో వాళ్లన్నయ్య కూతురికి ఓణీల వేడుక. దానికి వేసుకోవాల్సిన జాకెట్టు. రోజూ కూరల సంచితో సెంటరుకి వచ్చి అడిగి పోతుండేది. నేను ఈ కథ చెప్పిన మర్నాటి నుంచీ అడగడం మానేసింది. మామ నాతో, మీ ఆవిడ చాలా మంచిది, అర్థం చేసుకుంది అన్నాడు.

మంచె ఉపాయం మొదట్లో పనిచేసింది. ఒక రోజు ఎక్కేవాణ్ణి, ఆ తర్వాత తోచినన్ని రోజులు మానేసేవాణ్ణి. ఒకసారి వాగు వైపు నుంచి, ఒకసారి పక్క కందిచేలోంచి వెళ్లేవాణ్ణి. రెండుసార్లు జింకలు నన్ను చూసి, నేను వాటిని చూసి, ఇద్దరం సమానంగా బెదిరాం. మొక్కలు నాలుగైదు ఆకులు వేశాయి. ఇంకాస్త ఎదిగి కాడ గట్టిపడితే జింకలకి అంత రుచించదు. ఆ కొద్దిపాటి రోజులు గడిస్తే చాలు, గుంటూరు పోవక్కర్లేదు.

ఇంతలో శ్రావణం వచ్చింది.

శ్రావణమాసంలో ఆడవాళ్లు దర్జీ మీద ఎట్లా పడతారో చూసినవాళ్లకే తెలుస్తుంది. మామ కొట్టు ముందు ఉదయం నుంచీ జనం. తెర తీసి చూస్తున్నారు, సందులో కాపు కాస్తున్నారు, మందుల షాపు ముందు సైకిలుకి ఒకామె ఏకంగా తన గొలుసుతాళం వేసి పోయింది. కొన్నాళ్లకి షట్టరు అసలు ఎత్తడమే మానేశాడు. ఇంటి దగ్గరా లేడు. అత్తని, అంటే ఆయన భార్యని, అడిగితే, పొద్దున్నే మూట కట్టుకుని పోతున్నాడు, పొద్దెక్కాక వస్తున్నాడు, ఎక్కడికో నాకు చెప్పడు, చెబితే నేను అబద్ధం ఆడలేనని ఆయన భయం అంది.

సరిగ్గా అప్పుడే నా చేలో మొక్కలు మళ్లీ తరగడం మొదలైంది. అదీ అంచుల్లో కాదు. మంచె చుట్టూ. మంచె నీడ పడే మేర గుండ్రంగా కొరికేసి ఉన్నాయి. మంచెని పండబెట్టిన రోజుల్లోనే ఇలా జరుగుతోంది. చెప్పిన మాట తప్పకుండా చేస్తున్నాను, ఇంకా ఎందుకిట్లా? ఇంకో వారం ఇట్లాగే సాగితే చేలో మంచె తప్ప ఏమీ మిగలదు. బావమరిది అప్పటికే ఫోన్ చేసి, కోల్డ్ స్టోరేజీలో లోపల చలిగా ఉంటుంది, స్వెట్టరు తెచ్చుకోమన్నాడు.

మర్నాడు లెక్కప్రకారం ఎక్కకూడని రోజు. అయినా మనసు ఆగలేదు. లేచి చూస్తే మా ఆవిడ ఇంట్లో లేదు. గేదెకి గడ్డి కోసుకొస్తానని కొండ దోవన పోయిందని పక్కింటామె చెప్పింది. నేను రోడ్డు దోవన చేనుకి వెళ్లాను.

గట్టు ఎక్కి చూశాను. మంచె మీద మామ కూర్చుని ఉన్నాడు.

ఒళ్లో రంగురంగుల జాకెట్లు. ఒకటి తడికెకి వేలాడుతోంది, రెండు తాటాకుల్లో దోపి ఉన్నాయి. నోట్లో సూదులు. మెడలో టేపు. తల వంచుకుని హుక్కులు కుడుతున్నాడు. ఆయన కాళ్ల కింద, గుంజల మధ్య, నా పత్తి మొక్కల్ని జింకలు మేస్తున్నాయి. పారిపోయే తొందరేమీ లేదు వాటికి. ఒక పిల్ల జింక మంచె నిచ్చెనకి వీపు రుద్దుకుంటోంది. కాస్త అవతల నా చొక్కా తొడుక్కున్న దిష్టిబొమ్మ చేతులు చాపి అందర్నీ ఆహ్వానిస్తోంది.

నాకు కోపం రావాలి. వస్తోంది కూడా. కానీ ఆ దృశ్యంలో ఏదో ఉంది, కాసేపు అట్లా నిలబడిపోయాను. ఎవరూ ఎవరికీ భయపడటంలేదు. ఊళ్లో ఇంతమంది వెంటబడుతుంటే ఆ మనిషికి నిమ్మళంగా సూది పెట్టుకునే చోటు అదొక్కటే దొరికిందని అర్థమైంది.

అరుద్దామని నోరు తెరిచేలోపే కొండ వైపు కందిచేలోంచి ఒక గొంతు లేచింది.

"బాబాయ్, నా జాకెట్టేది?"

మా ఆవిడ. చేతిలో కొడవలి, నెత్తిన గడ్డిమోపు. అన్ని రోజులు అడక్కుండా ఊరుకుని, రాని దోవన, రాని వేళకి వచ్చింది.

జింకలు ఒక్క ఊపున లేచాయి. నా రేకుడబ్బాకి అట్లా ఎప్పుడూ లేవలేదు. కొండకి పోదామంటే అక్కడ ఆమె. ఇటు నేను. రెండు వైపులా చూసి, వాగు దాటి అవతలి గుట్ట మీద పడ్డాయి. మామ కూడా లేచాడు. మంచె ఊగింది. దిగడానికి నిచ్చెన మా ఆవిడ వైపే ఉంది. ఇక చేసేదిలేక నోట్లో సూదులు తీసి, చేతిలో జాకెట్టు పైకెత్తి చూపించాడు.

"ఇదిగోనమ్మా, నీదే కుడుతున్నా."

పాతికేళ్లుగా ఆ మాట అందరికీ చెబుతున్నాడు. ఆ రోజు మాత్రం అది నిజం. నిజంగానే ఆమెదే, ఇంకా చివరి హుక్కులు మిగిలాయి. ఆమె గడ్డిమోపు దించి, నిచ్చెన మొదట్లో దాని మీదే కూర్చుంది. అయ్యేదాకా లేవనంది.

నేను మంచె కిందకి వచ్చి, కాళ్ల కింద మేస్తుంటే కనపడలేదా మామా, ఒక్క కేక వేస్తే ఏం పోయేది అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. కేక వేస్తే రోడ్డు మీద పోయే ఆడవాళ్లకి తెలిసిపోదా అన్నాడు.

"అయినా అవి నన్నేం అడగలా అల్లుడూ. ఎప్పుడిస్తావు అనలా. అందుకే నాకూ ఏమీ అనబుద్ధి కాలా."

మంచెని పండబెట్టమని నాకు చెప్పి, పండబెట్టిన రోజుల్లో తనే వచ్చి కూర్చుంటున్నాడు. పైగా నేను ఎక్కని ప్రతి రోజూ. మనిషి ఉండి కూడా ఏమీ అనకపోయేసరికి, మంచె అంటే మంచి చోటన్న నమ్మకం జింకలకి కుదిరింది. నా టీచరమ్మ జబ్బు తగ్గించి ఆయన తెచ్చిపెట్టిన జబ్బు ఇది. ఆ మాటే అన్నాను. టేపు తీసి కొరికేసిన మేర కొలిచాడు. కొలిచి, పెద్దగా తినలేదులే అన్నాడు.

ఆ రోజు నుంచీ చేను కాపలా నా చేతుల్లోంచి పోయింది. మా ఆవిడ తీసుకుంది. తీసుకుంటున్నానని కూడా చెప్పలేదు. పొయ్యి మీద పప్పు పెట్టి, అది ఉడికేలోపు ఒకసారి పోయి వచ్చేది. గడ్డికని, పుల్లలకని, ఊరికేనని పోయేది. మూడు రోజులు అసలు పోయేది కాదు. ఎప్పుడు పోతుందో ఆమెకే తెలియదు. మంచె మాత్రం ఎక్కలేదు. జింకలు కొన్నాళ్లు అవతలి గుట్ట మీంచి చూసి, మా చేను మంచిది కాదనుకున్నట్టున్నాయి. పత్తి కాడ గట్టిపడింది. మోకాలెత్తు లేచింది. పూసింది.

గుంటూరు వేడుకలో మా ఆవిడ ఆ జాకెట్టుతో వెలిగిపోయింది. వాళ్లన్నయ్య మధ్యాహ్నం భోజనాల దగ్గర నన్ను పట్టుకుని, మరి ఎప్పుడొస్తున్నావు బావా అన్నాడు. నేను నీళ్లు నములుతుంటే ఆమె పక్కనుంచి వచ్చి, కనుబొమ్మలెత్తి, చెయ్యి గాల్లో ఒక మెలిక తిప్పి పోయింది. వాళ్లన్నయ్యకి అర్థం కాలేదు. నాకు అయింది. నా విస్తట్లో ఇంకో గారె వేయించుకున్నాను.

మామ మాత్రం దొరికిపోయిన చోటుకి మళ్లీ వెళ్లలేదు. ఆ మంచె పనికిరాదు, మీ ఆవిడ చూసేసింది అన్నాడు. తర్వాత పత్తి తీతల వేళకి ఒకసారి నాతో వచ్చి, గట్టు మీద కూర్చుని, విచ్చిన కాయలోంచి దూది లాగి వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఇంకో ఏడాదికి ఇది ఎవరి ఒంటి మీదికి చొక్కాగా పోతుందో అన్నాడు. నా ఒంటి మీదికి మాత్రం కాదు మామా అన్నాను. నవ్వాడు. నోట్లో సూదులు లేకుండా ఆయన నవ్వగా చూసింది ఆ ఒక్కసారే అనుకుంటా. ముందు పళ్లలో ఒకటి లేదని అప్పుడే తెలిసింది.

మొన్న ఎండాకాలంలో మధ్యాహ్నం భోంచేసి పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. ఎవరికీ చెప్పకుండా, తెర వెనక తలుపులోంచి సందులోకి జారుకున్నట్టు. నేను కొట్టు వదిలి వాళ్లింటికి పరుగెత్తుతుంటే సైకిలు మందుల షాపు ముందే ఉంది. దాన్ని చూసి, నిజంగా కొట్లోనే ఉన్నాడేమో అని ఒక్క క్షణం అనిపించింది. ఊరు ఊరంతా వచ్చింది. టీచరమ్మ కూడా వచ్చింది. ఆమె జాకెట్టు అప్పటికీ ఇవ్వలేదు. ఈ ఒక్కసారి నేనొచ్చే వేళకి ఉన్నాడు అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ.

తర్వాత అత్త కొట్లో గుడ్డలన్నీ ఇంటికి తెచ్చి ఎవరివి వాళ్లకి ఇచ్చేసింది. సగానికి పైగా కుట్టడం పూర్తయినవే. హుక్కులు వేయడమే తరువాయి. నా చొక్కా గుడ్డ ఎక్కడుందో నాకు తెలుసు. ఇప్పటికీ చేలోనే ఉంది, ఎండకి రంగు పోయి, జేబులో ఏదో పిట్ట గూడు పెట్టి.

అయినా నేను సాయంత్రం కొట్టు కట్టేశాక ఆ ఇంటికి పోతుండేవాణ్ణి. వాకిట్లో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. అందులో కూర్చునేవాణ్ణి. అత్త ఎదురుగా చాప మీద కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీసుకుంటూ ఉండేది. ఘాటుకి ఇద్దరికీ కళ్లల్లో నీళ్లు వచ్చేవి, ఎందుకని ఎవరూ అడగక్కర్లేకుండా. అట్లా ఎన్నాళ్లు పోయానో. ఒకరోజు నా పాత బుద్ధి పోనిచ్చుకోలేక అన్నాను.

"మామ నా చొక్కా ఎల్లుండి ఇస్తానన్నాడత్తా. అందుకొచ్చా."

అత్త తలెత్తలేదు. తొడిమ తుంచి పక్కన పడేసింది.

"రోజూ ఇదే టైముకొచ్చి ఇదే కుర్చీలో కూర్చుంటే ఆ మనిషి ఎట్టా దొరుకుతాడు నాయనా? నాలుగు రోజులు మానేసి, ఎనక సందులోంచి రా."